ముందు నీరు, ఆ తరవాతే ఊరు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధ సంచికలో, ఊహాలోకపు ఆటల కోసం పటాలు గీసే యువతీయువకుల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. ఇటువంటి విషయానికి తెలుగు పత్రికలో నిండు పుట దక్కడం అరుదు కనుక ముందుగా అభినందనలు. అయితే అందులోని రెండు మాటల వల్ల ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఈ పటాల్లో తేనెపట్టు వంటి ఆరు భుజాల గడులను అందం కోసం వాడతారన్నది మొదటి మాట. గడి గడినీ ఎంత నింపితే పటం అంత గొప్పదన్నది రెండవది. మొదటిది చిన్న పొరపాటు, సరిదిద్దితే సరిపోతుంది. రెండవది మాత్రం పటం గీయడానికి కొత్తగా కూర్చున్నవారి చేత నెలల తరబడి వృథాగా చాకిరీ చేయించే అభిప్రాయం. నేను నీటిపారుదల శాఖలో ముప్పయి రెండేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఈ ఆట సంగతి మాత్రం నాలుగేళ్ళ కిందట, కాకినాడలో డిగ్రీ చదువుకుంటున్న మా మనవరాలి వల్లనే తెలిసింది.

ఆట తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ఈ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వహిస్తారు. ఒకరు ఆట నడిపిస్తారు. వారు సంచరించే లోకం భూమి మీద ఎక్కడా లేదు గనుక, ఈ అడవి దాటడానికి ఎన్ని రోజులు పడుతుంది, చీకటి పడేలోగా ఏదైనా ఊరు చేరగలమా అని ఆటగాళ్ళు అడిగినప్పుడు, నడిపేవారు పటం చూసే జవాబు చెప్పాలి. ఆరు భుజాల గడులు పటం మీదికి వచ్చింది ఆ జవాబు కోసమే.

అవి ఊహాలోకాల్లో పుట్టినవి కావు, యుద్ధక్రీడల నుంచి వచ్చాయి. అమెరికాలో ఛార్లెస్ రాబర్ట్స్ స్థాపించిన అవలాన్ హిల్ సంస్థ ఆ దేశపు అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ యుద్ధం మీద 1958లో తెచ్చిన ఆటకు చదరపు గడులుండేవి. 1961లో అదే ఆట మళ్ళీ అచ్చయినప్పుడు అవి షడ్భుజులయ్యాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌ను వెలువరించినప్పుడు అరణ్య సంచారానికి అవలాన్ హిల్ వారిదే ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అనే వేరొక ఆట బోర్డును తెచ్చుకొని వాడుకోమన్నారు. ఆ బోర్డు మీద నీటి మడుగులున్న చోట కోటలు, ఇళ్ళ గుర్తులున్న చోట పట్టణాలు ఉన్నట్టు భావించుకోమన్నారు. దారి తప్పినవాడు దాహం తీర్చుకోవలసిన మడుగు ఇంకొకరి ఆటలో కోటగా మారడం, నాలాగా జీవితమంతా ఒక గుర్తుకు ఒకే అర్థం ఉండాలని పట్టుబట్టినవాడికి కాస్త వింతగానే ఉంటుంది.

చదరపు గడికి పక్కన నాలుగు, మూలల్లో నాలుగు, మొత్తం ఎనిమిది పొరుగు గడులుంటాయి. మూలనున్న గడి మధ్యబిందువు పక్క గడి మధ్యబిందువు కంటే 41 శాతం ఎక్కువ దూరంలో ఉంటుంది. పులిజూదంలో అయితే గీత ఉన్న చోటికే కదులుతాం గనుక ఇబ్బంది లేదు. దూరాన్ని కొలిచి రోజులు లెక్కకట్టే ఆటలో మాత్రం మూల మీదుగా అడుగు వేసిన ప్రతిసారీ తగాదాయే. షడ్భుజికి ఆరు పొరుగు గడులూ సమాన దూరంలో ఉంటాయి. అలాగని ఇది దోషం లేని గడి కాదు. గడి మొన చూపే దిక్కుకు వెళ్ళవలసి వస్తే అటొక అడుగు, ఇటొక అడుగు వంకరగా వేయాలి, అప్పుడు దూరం ఉన్నదానికంటే 15 శాతం ఎక్కువగా తేలుతుంది. అందువల్ల లోకంలోని ప్రధానమైన బాట ఉత్తర దక్షిణాలుగా సాగేదైతే గడుల చదునైన భుజం పైకి, తూర్పు పడమరలుగా సాగేదైతే మొన పైకి ఉండేలా కాగితాన్ని ఎంచుకోవడం మేలు. చాలామంది ఈ సంగతి సగం పటం గీశాక గాని గమనించరు.

ఇక గడి కొలత. ఆ ఆట కోసం 1980లో వెలువడిన ‘గ్రేహాక్’ అనే ఊహాలోకానికి డార్లీన్ అనే చిత్రకారిణి గీసిన పటంలో ఒక్కో గడి 30 మైళ్ళ వెడల్పు. ఆ పటం మీది అక్షరాల పొందిక చూసి ముచ్చటపడని డ్రాఫ్ట్స్‌మన్ ఉండడు. 1981లో అదే ఆటకు డేవిడ్ కుక్ కూర్చిన నియమాల ప్రకారం బరువు మోయని బాటసారి రోజుకు 24 మైళ్ళు నడుస్తాడు. అడవిలో, గుట్టల్లో అందులో మూడింట రెండు వంతులు, పర్వతాల్లో సగం, మంచి రోడ్డు మీద ఒకటిన్నర రెట్లు సాగుతాడు. ఆ కాలపు పటాల్లోనే ఖండానికి 24 మైళ్ళ గడి, ఒక ద్వీపానికి 6 మైళ్ళ గడి కనిపిస్తాయి. మొదటి గడి ఒక పగటి నడక, రెండవది అందులో నాలుగో వంతు.

ఆరు మైళ్ళ గడి గొప్పతనం నాకు మన మాటల్లోనే ఎక్కువగా అర్థమయింది. దూరాలకు మనకు కూతవేటు, కనుచూపుమేర, ఆమడ అనే మాటలున్నాయి. వీటిలో ఆమడను సుమారు ఎనిమిది మైళ్ళని మా ఇంటి పెద్దలు లెక్కకట్టేవారు. చదునైన నేల మీద నిలబడ్డ మనిషికి దిగంతం దాదాపు 3 మైళ్ళ దూరంలో ఉంటుంది. ఆరు మైళ్ళ గడికి నడిమధ్యన నిలబడితే నాలుగు వైపులా కనబడే నేలంతా ఇంచుమించు ఆ గడే. అంటే ఆ గడి అచ్చంగా ఒక మనిషి కనుచూపుమేర. ఇంకో గడిలో ఏముందో తెలియాలంటే నడవాలి, లేదా ఎత్తెక్కాలి. నూరడుగుల గాలిగోపురం ఎక్కితే 12 మైళ్ళ దాకా, అంటే రెండు గడుల అవతలి దాకా చూపు సాగుతుంది. ఆటలో ఒక గోపురానికో, కొండ కొమ్ముకో ఇంతకంటే సహజమైన ప్రయోజనం కల్పించలేం.

కొలత మనసుకు ఎక్కడానికి మా మనవరాలి చేత ఒక లెక్క చేయించాను. ఆరు మైళ్ళ గడి వైశాల్యం 31 చదరపు మైళ్ళు, అంటే సుమారు 81 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ వైశాల్యం 1,12,077 చదరపు కిలోమీటర్లు గనుక ఆ రాష్ట్రం దాదాపు 1,390 గడుల్లో పడుతుంది. గ్రేహాక్ కొలతలో అయితే 56 గడుల్లో అయిపోతుంది. 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాదు జిల్లాకు మూడు చిన్న గడులైనా నిండవు. తెలంగాణలో పదివేలకు పైగా రెవెన్యూ గ్రామాలున్నాయి గనుక సగటున ఒక్కో గడికి ఏడు ఊళ్ళు వస్తాయి. ఈ చివరి అంకె దగ్గర అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఆమె గీసిన ‘సుభిక్షమైన రాజ్యం’లో పది గడులకు ఒక ఊరుంది. ఆ రాజు కోట కట్టించడానికి రాళ్ళెత్తే కూలీలు ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే నా కేసి కోపంగా చూసింది. నల్లమల వంటి అడవుల్లో ఊళ్ళు పలచబడతాయి, నిజమే. కాని అడవి పలచదనాన్ని మాగాణి మీద కూడా పరిచేస్తే రాజ్యం నిలవదు.

అలాగని ఏడు ఊళ్ళనూ పటంలోకి ఎక్కించనక్కరలేదు. సంత జరిగే ఊళ్ళు మాత్రం గుర్తిస్తే చాలు. సమతలమైన నేల మీద, రాకపోకల ఖర్చు అన్ని వైపులా ఒకేలా ఉన్నప్పుడు అంగళ్ళ పట్టణాల చుట్టూ ఏర్పడే పరిధులు షడ్భుజాకారంలో ఒదుగుతాయని, దక్షిణ జర్మనీని పరిశీలించి వాల్టర్ క్రిస్టాలర్ 1933లోనే ప్రతిపాదించాడు. ఒక గడి నడుమ నుంచి పక్క గడి నడుమకు 6 మైళ్ళు. పోను రాను 12, అంటే పూట నడక. పక్క గడి రైతు పొద్దున గంప ఎత్తుకుని సంతకు వెళ్ళి, అమ్ముకుని, దీపాలవేళకు ఇల్లు చేరగలడు. ఏడు గడులకు ఒక సంత ఊరు పెట్టుకుంటే లెక్క కుదురుతుంది.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది నీటి గురించి. ఊహాలోకపు పటాలు నాకు చూపించినవారిలో పదింట తొమ్మిది మంది ముందు రాజధాని గీశారు, తరవాత కోటలు, ఆ తరవాత ఖాళీ దొరికిన చోట నది పెట్టారు. ఆ నది కొండ దిగి, మైదానంలో రెండుగా చీలి, ఒక పాయ తూర్పు సముద్రంలో, ఇంకొకటి పడమటి సముద్రంలో కలుస్తుంది. లేదా ఒకే సరస్సు నుంచి మూడు నదులు మూడు దిక్కులకు బయలుదేరతాయి. నదులు సాధారణంగా కలుస్తాయి గాని చీలవు. చీలేది సముద్రం దగ్గరపడి నేల చదునయ్యాక. గోదావరి మా ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయేది డెల్టా మొదలయ్యాకనే. సరస్సులోకి ఎన్ని వాగులైనా వచ్చి పడవచ్చు, బయటికి పోయే దారి మాత్రం మామూలుగా ఒక్కటే ఉంటుంది. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరుతాయి, కొల్లేరును సముద్రంతో కలిపేది ఉప్పుటేరు. నది దగ్గర్లోని సముద్రంలోకే పోతుందనుకోవడం ఇంకొక అపోహ. గోదావరి అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, త్ర్యంబకం దగ్గర పుట్టి, దానికి వీపు చూపి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. నేల ఎటు వాలితే నీరు అటు పోతుంది, అంతే.

ఈ సంగతి గడుల పటంలో పట్టుకోవడానికి మా శాఖలో పరీవాహక ప్రాంతాలు లెక్కకట్టే పద్ధతినే కొంచెం మార్చి మనవరాలికి నేర్పాను. ముందు పెన్సిలుతో తీరమూ కొండల వరసలూ మాత్రమే గీయాలి. ఆ తరవాత ప్రతి గడిలోనూ ఒక చిన్న బాణం గుర్తు పెట్టాలి. ఆరు పొరుగు గడుల్లో ఏది అన్నింటికంటే పల్లమో బాణం దానివైపు చూపాలి. బాణాలు ఎక్కడా చుట్టు తిరిగి బయలుదేరిన గడికే రాకూడదు. ఒక గడిలోకి అన్ని వైపుల నుంచీ బాణాలు వచ్చి, బయటికి ఏదీ పోలేకపోతే అక్కడ సరస్సు ఉన్నట్టు. అది ఏ వైపు నిండి పొర్లుతుందో, అంటే అలుగు ఎక్కడో, నిర్ణయించాలి. బాణాలన్నీ పెట్టాక, ప్రతి గడిలోకీ ఎగువ నుంచి ఎన్ని గడుల నీరు చేరుతుందో లెక్కించి ఆ అంకె గడి మూలన వేయాలి. అంకె పదికి చేరిన చోట, అంటే ఎగువన 310 చదరపు మైళ్ళ నేల ఉన్న చోట, వాగు గీత మొదలవుతుంది. అంకె నూరు దాటిన చోట గీత లావెక్కుతుంది. ఈ పని 400 గడుల పటానికి రెండు సాయంకాలాల్లో ముగిసింది. ముగిసేసరికి ఊళ్ళు ఎక్కడుండాలో, వంతెన ఎక్కడ కట్టాలో, ఏ రెండు రాజ్యాలు నీటి కోసం తగాదా పడతాయో ఎవరూ కల్పించకుండానే పటం మీద తేలాయి. బాణాలు విడిపోయే గడుల వరస రాజ్యాల సరిహద్దు అయింది. రెండు వాగులు కలిసే గడిలో పట్టణం వెలిసింది. మొదట రాజధాని ఉన్న గడికి ఎగువన రెండు గడులకు మించి నీరు చేరడం లేదని తేలింది. పాపం, దాన్ని దిగువకు మార్చవలసి వచ్చింది.

నదిని గడి నడుమ నుంచి గీయాలా, గడి అంచు వెంబడి గీయాలా అన్నదాని మీద ఆడేవారిలో భిన్నాభిప్రాయాలున్నాయి. యుద్ధక్రీడల్లో అంచు మీద గీయడం పరిపాటి, ఎందుకంటే అక్కడ నదిని దాటడమే అసలు సమస్య. నా మటుకు నేను వాగులను గడి నడుమ నుంచి, పడవ లేనిదే దాటలేని పెద్ద నదిని అంచు వెంబడి గీస్తాను. అప్పుడు ఏ గట్టున ఉన్నారన్న ప్రశ్నకు తావుండదు, రేవు ఏ రెండు గడుల మధ్య ఉందో కూడా స్పష్టమవుతుంది. వాగులకు ముందే గీసిన బాణాలున్నాయి గనుక అవి నడుమ నుంచే పోవాలి. రోడ్లు ఎలాగూ నడుమ నుంచే.

ఇప్పుడు మీ వ్యాసంలోని రెండవ మాటకు వస్తాను. మా అమ్మాయి మొదటి పటం 24 వరసలు, వరసకు 17 గడులు, మొత్తం 408. రెండు వేసవి సెలవులు కూర్చుని ప్రతి గడికీ ఒక శిథిలమో, గుహో, రాక్షసుడో కేటాయించింది. ఎనిమిది నెలల ఆటలో నలుగురు స్నేహితులూ తొక్కిన గడులు 31. తక్కిన 377 గడుల రాక్షసులూ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. పటం ఎంత వివరంగా ఉండాలన్నది పటం విస్తీర్ణం చెప్పదు, ఆటగాళ్ళ కాళ్ళు చెబుతాయి. ఒక ఊరి నుంచి ఒక రోజులో మంచి నేల మీద నాలుగు గడులు నడవగలరు. నడుమ ఉన్న గడితో కలిపి ఒక గడి దూరంలో 7, రెండు గడుల దూరంలో 19, మూడింట 37, నాలుగింట 61 గడులుంటాయి. కనుక ఆట మొదలయ్యే నాటికి 61 గడులు బాగా తెలిసి ఉంటే చాలు. అంతకు అవతల నేల స్వభావమూ, నీటి బాణమూ, ఒకటో రెండో పుకార్లూ ఉంటే సరిపోతుంది. ఆటగాళ్ళు ఆ దిక్కుకు మొహం తిప్పినప్పుడు మిగతాది పూరించుకోవచ్చు.

ఆ 61 గడుల్లోనూ వివరమంటే బొమ్మల రద్దీ అని నేననుకోను. గడి మీద నేల గుర్తు, వరస సంఖ్య, మహా అయితే ఒక ఊరి పేరు ఉండాలి. మిగతాది పక్కన పుస్తకంలో, ఆ సంఖ్య కింద రాసుకోవాలి. జడ్జెస్ గిల్డ్ అనే సంస్థ 1977లో వెలువరించిన లోకం పటాలకు ఇలాగే గడుల సంఖ్యలతో ఊళ్ళ, కోటల, శిథిలాల పట్టికలు జతచేసింది. మన వైపు ఇటువంటి పని నిజమైన నేలకే జరిగింది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ పటాలు గీయించడంతో తృప్తిపడలేదు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి పండితుల సాయంతో స్థానిక చరిత్రలు సేకరింపజేశాడు. ఆ సేకరణలోని గ్రామ కైఫీయతులు చదివితే ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ దండు వచ్చి పోయింది అన్నవే కనిపిస్తాయి. ఆట నడిపేవారికి గడి గురించి తెలియవలసినవీ సరిగ్గా అవే. అమ్మాయికి నేను రాసి చూపిన మాదిరి ఒకటి ఇక్కడ ఉదహరిస్తున్నాను.

‘గడి 0712. రేవు. వేసవిలో మోకాటి లోతు, శ్రావణంలో పుట్టి లేనిదే దాటలేరు. పుట్టి నడిపేవాడు నాణేలు పుచ్చుకోడు, ఉప్పు అడుగుతాడు. ఎగువన గడి 0710లోని చెరువుకు గండి పడి మూడేళ్ళయింది. అప్పటి నుంచి ఈ రేవు దిగువనున్న రెండు ఊళ్ళలో దీపం పెట్టే దిక్కు లేదు.’

ఇందులో రాక్షసుడు లేడు. అయినా దీన్ని ఆటలో వాడిన రోజున నలుగురిలో ఇద్దరు ఉప్పు కోసం వెనక్కి వెళ్ళారు, ఇద్దరు గండి పడిన చెరువు చూద్దామని ఎగువకు బయలుదేరారు. ఒక గడిలోని మాట ఇంకొక గడికి దారి చూపుతున్నదా లేదా అన్నదే వివరానికి నేను పెట్టుకున్న పరీక్ష.

చేత్తో గీయాలా, కంప్యూటరు మీద గీయాలా అన్న చర్చకు మీ వ్యాసం చాలా చోటు ఇచ్చింది. నాకైతే అది పెద్ద విషయంగా తోచలేదు. వరల్డోగ్రాఫర్ వంటి సాఫ్ట్‌వేర్ గడులను క్షణంలో పరుస్తుంది, సంఖ్యలు వేస్తుంది, తప్పు చేస్తే బ్లేడుతో గీకనక్కరలేదు. చేత్తో గీయాలనుకునేవారికి 30-60 డిగ్రీల సెట్ స్క్వేరు ఒకటి ఉంటే షడ్భుజుల వల ఒక మధ్యాహ్నంలో సిద్ధమవుతుంది. ఏది వాడినా బాణాలు పెట్టే పని మాత్రం మనిషే చేయాలని నా అభిప్రాయం. పల్లం ఎటుందో ఆలోచిస్తున్నప్పుడే ఆ లోకం గీసేవారికి పరిచయమవుతుంది.

చివరిగా మీకొక వినతి. మీ పిల్లల పుటలో ఏదైనా ఒక ఆదివారం రంగులూ బొమ్మలూ లేని ఖాళీ గడుల పటం ఒకటి అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. అడ్డం 12, నిలువు 9 గడులు ఉంటే చాలు. ఒక పక్క సముద్ర తీరం, ఇంకొక పక్క కొండల వరస, నడుమ ఒక గుట్ట మాత్రం గీసి, గడి వెడల్పు ఆరు మైళ్ళని రాసి, నీరు ఎటు పారుతుందో బాణాలు పెట్టి పంపమని పాఠకులను అడగండి. గడుల సంఖ్యలు 0101 నుంచి నాలుగంకెల్లో, గడి పై అంచున చిన్నగా ఉండాలి. గడుల గీతలు నల్లగా కాకుండా లేత బూడిదరంగులో ఉంటే పెన్సిలు బాణం కనిపిస్తుంది. గడి వెడల్పు అర అంగుళానికి తగ్గకుండా చూడగలరు. అంతకంటే చిన్నదైతే బాణమూ దాని పక్కన వేయవలసిన అంకే రెండూ అందులో పట్టవు.

భవదీయుడు,
విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
రాజమహేంద్రవరం